గ్రీన్ సెక్షన్

ఆకుపచ్చ రంగు చూస్తే ఈమధ్య డాక్టర్ మంజువాణికి ఒళ్ళు మండుతోంది. ఆ మంట ఎవరిమీద తీర్చుకోవాలో తెలియకపోవడం ఇంకో బాధ. ఎందుకంటే ఆ రంగుని ఏరికోరి పెట్టింది తనే.

బిళ్ళ తయారవుతున్న రోజుల్లో, ఏ రంగులు పెడదామని ల్యాబులో సాల్మన్ అడిగాడు. సాల్మన్ ఆమె దగ్గర చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న కుర్ర శాస్త్రవేత్త. "ట్రాఫిక్ లైట్లు పెట్టెయ్, చదువురానివాళ్ళకి కూడా అర్థమవుతాయి" అందామె. ఎరుపంటే ఆగాలి. పసుపంటే చూసుకోవాలి. ఆకుపచ్చంటే ఇక పోవచ్చు. ఆ 'పోవచ్చు' అన్నది కొంప ముంచుతుందని అప్పుడు ఆమెకి తట్టలేదు. తట్టి ఉంటే ఏ వంకాయ రంగో పెట్టేది.

బిళ్ళ పేరు 'నెమ్మది'. రూపాయి బిళ్ళలో సగం ఉంటుంది. చెవి వెనక అంటిస్తే చెమటలోంచి ఒత్తిడి హార్మోను ఎంత ఊరుతోందో పసిగట్టి, ఇంట్లోవాళ్ళ ఫోనుకి రంగు పంపిస్తుంది. ఇంటర్ పిల్లల కోసమే చేసిందామె దాన్ని. ఆ వయసు మెదడు గురించి తల్లిదండ్రుల మీటింగుల్లో ఆమె ఒకటే మాట చెప్పేది: "ఇది ఇంకా కడుతూ ఉన్న ఇల్లండీ. కరెంటు వచ్చేసింది, బల్బులన్నీ వెలుగుతున్నాయి, మెయిన్ స్విచ్ మాత్రం ఇంకా బిగించలేదు. భయమూ కోపమూ పుట్టే చోటు ముందే తయారైపోతుంది. దాన్ని అదుపులో పెట్టే నుదుటి భాగం పాతికేళ్ళకి గానీ పూర్తికాదు. అందాకా ఆ స్విచ్ పెద్దవాళ్ళే. బిళ్ళ ఎర్రబడితే పుస్తకం మూయించండి, పడుకోనివ్వండి, పక్కన ఉండండి."

అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. అందరికంటే గట్టిగా కొట్టినాయన డీన్ సాంబశివరావు. కరకట్ట అవతల, కృష్ణ గాలి తగిలే చోట, నాలుగంతస్తుల హాస్టళ్ళతో ఉన్న పెద్ద కార్పొరేట్ కాలేజీ ఆయనది. ఆయన కాలేజీలోనే బిళ్ళ మొదట వాడకంలోకి వచ్చింది, రంగులు కాలేజీ కంప్యూటర్‌కీ వెళ్ళేవి. ఎర్రబడిన పిల్లలకి విశ్రాంతి ఇమ్మని ఈవిడ చెబితే, ఎర్రబడని పిల్లలకి ఇంకా మోసే ఓపిక ఉందని ఆయన అర్థం చేసుకున్నాడు. నెల తిరక్కుండా గ్రీన్ సెక్షన్ పుట్టింది. మంచి లెక్చరర్లంతా ఆ సెక్షన్‌కే. స్టడీ అవర్లు కూడా ఆ సెక్షన్‌కే ఎక్కువ. మాటిమాటికీ ఎర్రబడే పిల్లలకి విశ్రాంతి దొరికింది, దాంతోపాటు 'ఎర్ర బ్యాచ్' అన్న పేరూ దొరికింది. ఇక బజార్లో ఇద్దరు తల్లులు కలిస్తే మాట్లాడుకునేది ఇదే: "మీవాడు గ్రీనా?" గ్రీన్ రావడానికి సరస్వతి ఆకు పొడి అమ్మేవాళ్ళు బయల్దేరారు. గ్రీన్ కోసం ప్రత్యేక పూజలు చేయిస్తామని బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు.

మంజువాణి అభ్యంతరం చెప్పింది. చెప్పింది గానీ, గొంతు పెంచి చెప్పలేదు. ఆమె కూతురు లహరి ఆ కాలేజీలోనే, ఆ గ్రీన్ సెక్షన్‌లోనే, ముందు బెంచీలో ఉంది. ఏ వేళ ఫోన్ తీసి చూసినా కూతురి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క నిలకడగా ఉండేది. "మా అమ్మాయి ఎప్పుడూ గ్రీనే" అని ఆమె కూడా అంది, ఒకసారి కాదు, చాలాసార్లు. కన్నతల్లి గర్వం అలాంటిది.

*

"మేడమ్, ఒకసారి ఇటు రండి. ఈ గ్రీన్ నాకు నచ్చట్లేదు" అన్నాడు సాల్మన్ ఓ ఉదయం.

"గ్రీన్ నచ్చకపోవడమేంటయ్యా? రెడ్ నచ్చకపోవాలి గానీ."

సాల్మన్ తెర మీద రెండు గీతలు చూపించాడు. మొదటిది మామూలు మనిషిది. నిద్ర లేవగానే ఒత్తిడి హార్మోను ఒక్కసారి ఎగబాకి, పొద్దుగూకేసరికి మెల్లగా దిగుతుంది. మనిషిని మంచం మీంచి లేపి పనిలోకి దింపేది ఆ ఎగబాకడమే. రెండో గీతకి ఎక్కడా ఎగబాకడమూ లేదు, దిగడమూ లేదు. స్కేలు పెట్టి గీసినట్టుంది. తక్కువగా ఉంది కాబట్టి బిళ్ళ దాన్ని గ్రీన్ అంటోంది.

"బిళ్ళ పాడైపోయుంటుంది" అందామె.

"మార్చి చూశానండీ. నిన్న మీరు మీటింగుకి వెళ్ళినప్పుడు ఆ పిల్లల్ని కొందర్ని పిలిపించాం కదా, పరీక్షకి. వీడియో చూడండి."

ఒక కుర్రాడు కుర్చీలో కూర్చుని లెక్క చేస్తున్నాడు. వెనక నుంచి సాల్మన్ పెద్ద స్టీలు పళ్ళెం నేలమీద పడేశాడు. ఆ చప్పుడుకి వీడియో చూస్తున్న మంజువాణే ఉలిక్కిపడింది. కుర్రాడు మాత్రం నిదానంగా వెనక్కి తిరిగాడు. కుర్చీ దిగి పళ్ళెం తీశాడు. "సార్, పడిపోయింది" అని మర్యాదగా సాల్మన్ చేతికిచ్చి, వెళ్ళి మళ్ళీ లెక్కలో కూర్చున్నాడు.

"మామూలు పిల్లలు?" అని అడిగింది.

"ఒకడు కెవ్వున అరిచాడు. ఇంకో అమ్మాయి నన్ను తిట్టింది మేడమ్, బుద్ధుందా అని. వాళ్ళ గీతలు పైకి లేచి పడ్డాయి. వీళ్ళవి కదల్లేదు."

మంజువాణికి వివరించాల్సిన అవసరం లేదు. ఏళ్ళ తరబడి చదివిన సంగతే అది. ప్రమాద ఘంట ఆపకుండా మోగుతూ ఉంటే, ఎవరూ పట్టించుకోకపోతే, చివరికి ఒంట్లోని వ్యవస్థే ఆ ఘంట వైరు పీకేస్తుంది. యుద్ధాల్లో చిక్కుకున్న పిల్లల్లో, అయినవాళ్ళు లేని పిల్లల్లో ఇలా జరుగుతుందని చదివింది. ఏసీ హాస్టళ్ళలో, లక్షణంగా అమ్మా నాన్నా ఉన్న పిల్లల్లో జరుగుతుందని అనుకోలేదు. అందుకే బిళ్ళకి ఆ తేడా నేర్పలేదు. ప్రశాంతంగా ఉన్నవాడూ గ్రీనే, లోపల ఆరిపోయినవాడూ గ్రీనే.

"వీళ్ళందరిలోకీ చదునుగా ఉన్నది ఎవరిది?" అని అడిగింది.

సాల్మన్ తెర మీది గీతల్ని మళ్ళీ మొదటికి జరిపాడు.

"నిన్నే అడుగుతున్నాను."

అతను తెరని ఆమెవైపు తిప్పి, టీ తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు. ఆ గీత కింద ఉన్నది తయారైన మొట్టమొదటి బిళ్ళ నంబరు. హాస్టల్లో చేర్చిన రోజు కూతురి జడ పక్కకి తీసి, చెవి వెనక ఆ బిళ్ళని తన చేత్తోనే అంటించింది మంజువాణి.

*

డీన్ సాంబశివరావు గదిలో కాఫీ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి. వినడం మాత్రం జరగలేదు.

"రెండు రకాల గ్రీన్లంటే పేరెంట్స్‌కి ఏం చెప్పమంటారు మేడమ్? మొన్నటిదాకా గ్రీనంటే మంచిదన్నారు. మీరే అన్నారు. నా దగ్గర వీడియో ఉంది."

"నేను పొరపాటుపడ్డానండీ. అది చెప్పడానికే వచ్చాను."

"మీరు సైంటిస్టులు, రోజుకో మాట మారుస్తారు. మాకు పరీక్షలు నెత్తిమీదున్నాయి. గ్రీన్ సెక్షన్ పిల్లలు ఎంత డిసిప్లిన్‌గా ఉన్నారో తెలుసా మీకు? ఒక్కడూ ఏడవడు. ఒక్కడూ ఇంటికెళ్తానని పేచీ పెట్టడు."

"అదేనండీ నేను చెప్పేది! పదహారేళ్ళ పిల్లాడు పేచీ పెట్టకపోవడమేంటి?"

ఆయన నొచ్చుకున్నాడు. "మా అబ్బాయి కూడా అదే సెక్షన్ మేడమ్. నా బిడ్డకి నేను అన్యాయం చేసుకుంటానా?" అన్నాడు. నిజంగానే అన్నాడు. దొంగయితే పట్టుకుని నిలదీయొచ్చు, నమ్మకంతో మాట్లాడే మనిషిని ఏం చేస్తాం? ఇదే ప్రశ్న ఆమెని ఎవరైనా అడిగుంటే నిన్నటిదాకా తనూ అదే జవాబు చెప్పేది.

విజిటర్ల షెడ్డులోకి లహరి వచ్చింది. శుభ్రంగా దువ్విన తల, ఇస్త్రీ బట్టలు.

"ఎలా ఉన్నావే?"

"బానే ఉన్నానమ్మా."

"తింటున్నావా?"

"తింటున్నాను."

"నాతో ఇంటికొచ్చెయ్. కొన్నాళ్ళు క్లాసులొద్దు."

"సరే."

ఎందుకని అడగలేదు. పరీక్షలన్న మాటే ఎత్తలేదు. చిన్నప్పుడు రిబ్బన్ రంగు నచ్చలేదని గంటసేపు వాదించి, చివరికి రెండు రంగులూ కట్టించుకుని బడికెళ్ళిన పిల్ల ఇది. వెళ్ళి సంచి సర్దుకుని వచ్చి నిలబడింది. కరకట్ట రోడ్డు మీద ఎదురుగా ఓ ఇసుక లారీ అడ్డదిడ్డంగా దూసుకొస్తే మంజువాణి కెవ్వుమని బ్రేకు తొక్కింది. కారు మట్టిలోకి దిగి ఆగింది. ఆమె గబుక్కున కూతురి వైపు తిరిగింది. లహరి కింద పడిన వాటర్ బాటిల్ తీసి, మూత బిగించి, దాని చోట్లో పెట్టింది.

ఫోన్‌లో చుక్క ఆకుపచ్చగానే ఉంది. మంజువాణికి ఆ ఫోన్ని కృష్ణలోకి విసిరెయ్యాలనిపించింది.

*

ఇంటికొచ్చాక ఆమె చేసిన మొదటి పని టైంటేబుల్ వెయ్యడం. ఎంత చదువుకున్న మనిషైనా చేతకానప్పుడు తెలిసిన పనే చేస్తుంది. ఇన్నింటికి నిద్ర, ఇంతసేపు ఎండలో నడక, ఈ వేళకి పాలు. మధ్యాహ్నం 'మనసు విప్పి మాట్లాడుకోవడం' అని కూడా ఒక గడి పెట్టింది. భర్త ఫణీంద్ర థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు ఇంజనీరు. డ్యూటీ నుంచి వచ్చి ఫ్రిజ్ మీద అంటించిన ఆ కాగితం చూశాడు.

"హాస్టల్‌ని ఇంటికే తెచ్చావు మంజూ" అన్నాడు.

"మరేం చెయ్యమంటారు? మీరు చెప్పండి. నిద్ర, నడక, మాట, వీటితోనే మెదడు మళ్ళీ దారిలో పడుతుంది. ఇది నా మాట కాదు, పరిశోధన."

"పరిశోధన కరెక్టే. నువ్వు పక్కన నిలబడి గడియారం చూస్తుంటే దానికి నిద్రెలా పడుతుంది?"

ఆమెకి ఉక్రోషం వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది. ఆ చప్పుడుకి హాల్లో ఉన్న కూతురు తల తిప్పుతుందేమోనని ఓరగా చూసింది కూడా. లహరి తల తిప్పలేదు.

రోజులు గడిచాయి. లహరి చెప్పినవన్నీ చేసింది, పాలు తాగమంటే తాగింది, నడవమంటే నడిచింది. మనసు విప్పి మాట్లాడే గడిలో ఎదురుగా కూర్చుని, అడిగినదానికి జవాబు చెప్పింది. ఏమైందే అంటే ఏం కాలేదంది. భయమేసిందా అంటే లేదంది. ఎవరైనా ఏమైనా అన్నారా అంటే అనలేదంది. పరీక్ష హాల్లో కూర్చున్నట్టే కూర్చుంది. మంజువాణి మధ్యమధ్యలో ఫోన్ తీసి చూస్తోంది, చుక్క రంగు మారుతుందేమోనని. ఓ రోజు ఇక ఉండబట్టలేక, కూతురి చెవి వెనక చెయ్యి పెట్టింది.

"తీసెయ్యవే దీన్ని, దరిద్రం వదిలిపోతుంది."

లహరి చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్ని రోజుల్లో ఆ పిల్ల కాదన్నది అదొక్కటే.

"ఉండనీమ్మా. ఇది తీసేస్తే నేనెలా ఉన్నానో నీకెలా తెలుస్తుంది?"

ఎత్తిపొడుపు కాదది. ఆ పిల్ల మామూలుగానే, నిజంగా సందేహం వచ్చి అడిగింది. అందుకే మంజువాణి తట్టుకోలేకపోయింది. బాల్కనీలోకి పోయి, ఆరేసిన బట్టల వెనక నిలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. లోపలికి వచ్చి ఫ్రిజ్ మీది కాగితం చింపేసింది.

ఆ తర్వాత ఆమె ప్రశ్నలు అడగడం మానేసింది. ఎంత కష్టమో చెప్పలేం. అడగడమే వృత్తిగా బతికిన మనిషి. సాయంత్రం పూట హాల్లో నేలమీద చాప వేసుకుని చిక్కుడుకాయలు ముందేసుకుంటే, లహరి వచ్చి పక్కన కూర్చుని ఈనెలు తీసేది. ఇద్దరి మధ్యా కాయలు విరిగిన చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. ఫణీంద్ర వచ్చి, కాయల్లో పురుగు చూసి ఏదో వెటకారమాడి పోయేవాడు. ఒక్కోసారి కూర్చున్న చోటే లహరికి నిద్ర పట్టేసేది. తల ఎత్తి ఒళ్ళో పెట్టుకోవాలనిపించేది మంజువాణికి. లేచిపోతుందేమోనని భయపడి చాప మీదే పడుకోనిచ్చేది.

బయట యుద్ధం మాత్రం ఆపలేదు. నెమ్మది బిళ్ళని ఊరూరా అమ్మేది ఓ కంపెనీ. సర్వరు మంజువాణి ల్యాబులోనే ఉన్నా, ల్యాబుకి డబ్బు పెట్టేదీ వాళ్ళే, హక్కులన్నీ వాళ్ళవే. ఆమె ఫోన్ మీద ఫోన్ చేసింది. పరీక్షల సీజన్ అయ్యాక చూద్దామన్నారు. మళ్ళీ చేసింది. మీరు కాస్త రెస్ట్ తీసుకోండి మేడమ్ అన్నారు.

అలాంటి ఓ సాయంత్రం చిక్కుడుకాయల మధ్యలో కంపెనీ పెద్దమనిషే ఫోన్ చేశాడు. మంజువాణి చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఈనెలు తీస్తూనే మాట్లాడింది.

"లేదండీ, ఇది ఊహ కాదు. నా దగ్గర కేసుంది. పదహారేళ్ళ అమ్మాయి. ఉదయం రెస్పాన్స్ సున్నా. ప్రమాదం ఎదురైనా కదలిక లేదు. ఇంటికి తెచ్చాక కూడా ఫ్లాట్ ప్రొఫైలే. ఎమోషన్ అనేదే..."

పళ్ళెం గోడకి తగిలింది. చిక్కుడుకాయలు ఇల్లంతా చెదిరాయి.

"నేనిక్కడే ఉన్నాను!" అని అరిచింది లహరి. "ఇక్కడే ఉన్నానమ్మా! నీ పక్కనే కూర్చున్నాను! వాడెవడికో చెప్తావేంటి నా గురించి?"

మంజువాణి భుజం మీంచి ఫోన్ జారిపోయింది.

"ప్రతి ఆదివారం అందరి అమ్మలూ వచ్చేవాళ్ళు. క్యారేజీలు తెచ్చుకుని షెడ్డు కింద కూర్చునేవాళ్ళు. షబీనా వాళ్ళమ్మ నాక్కూడా పెట్టేది. అమ్మ రాలేదా అని అడిగితే బిజీ అని చెప్పేదాన్ని. నేను గేటు వంకే చూసేదాన్ని. పిచ్చిదానిలాగా చూసేదాన్ని! ఏడుపొచ్చేది, రాత్రంతా గుండె దడదడలాడేది. అప్పుడు రెడ్ రాలేదేంటమ్మా?"

"వచ్చింది" అంది మంజువాణి. "మొదట్లో వచ్చింది. కొత్త కదా, సర్దుకుంటుందనుకున్నాను. తర్వాత గ్రీన్ అయింది. సర్దుకుందనుకున్నాను."

"నేను చూడ్డం మానేశాను అప్పుడు. గేటు వంక చూడ్డం మానేశాను. మానేశాక హాయిగా ఉంది తెలుసా? ఏమీ అనిపించదు. ఆ లారీ వచ్చినప్పుడు కూడా, ఓహో లారీ అనుకున్నాను. అంతే." పిల్ల వెక్కుతోంది. "నాకేమైందమ్మా?"

ఆ ప్రశ్నకి మంజువాణి దగ్గర జవాబుంది. బోలెడంత జవాబు. ఏ హార్మోను, ఏ నాడి, మెదడులో ఏ భాగం, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. వాటిని మింగేసింది. జరిగి కూతురి దగ్గరికి వచ్చింది. లహరి ఆమెని రెండు చేతులా తోసింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తోసింది. మూడోసారి తోయడానికి ఓపిక లేక ఆ పిల్ల తల్లి భుజం మీద పడి, చీరంతా తడిసేలా ఏడ్చింది. గుమ్మంలో నిలబడిన ఫణీంద్ర లోపలికి రాకుండా, అలాగే గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు.

కింద పడ్డ ఫోన్ టింగుమంది. తెర మీద లహరి పేరు పక్కన చుక్క ఎర్రగా ఉంది. దాని కింద కాలేజీ నుంచి సందేశం: మీ అమ్మాయిని గ్రీన్ సెక్షన్ నుంచి తొలగించడమైనది.

*

"మార్చెయ్" అంది మంజువాణి మర్నాడు ల్యాబులో అడుగుపెడుతూనే. ఆమె వెనకే లహరి కూడా ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండనని పేచీ పెట్టి మరీ వచ్చింది. "గీత చదునుగా ఉంటే రెడ్ చూపించు. అందరికీ."

"కంపెనీకి చెప్పకుండానా మేడమ్?" అన్నాడు సాల్మన్.

"చెప్పాను. వాళ్ళు వినలేదు. ఏదైనా అయితే నేను చూసుకుంటాను."

సాల్మన్ ఇంకో మాట అనలేదు. పని అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. టిఫిన్ల వేళకి, ఊరూరా గ్రీన్ సెక్షన్లన్నీ ఎర్రబడిపోయాయి. కాసేపటికి ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. పిల్లల కోసం గాభరాపడి చేస్తున్నారనుకుంది మంజువాణి. కన్నవాళ్ళు కదా అనుకుంది.

"ఏవండీ, మీ బిళ్ళ పాడైపోయింది. కొత్తది పంపించండి."

"పాడవలేదండీ. మీ బాబుని వెళ్ళి చూడండి."

"వాడు బానే ఉన్నాడండీ, నిన్ననే మార్కులు చూశాను."

ఇంకొకాయన గ్రీన్ మళ్ళీ ఎన్నింటికొస్తుందని అడిగాడు. ఇంకొకావిడ, సెక్షన్ మార్చేస్తే మీమీద కేసు వేస్తానంది. మంజువాణి ఒక్కొక్కరికీ గీత ఎగబాకడం గురించీ దిగడం గురించీ మెయిన్ స్విచ్ గురించీ విడమరిచి చెప్పింది. సగంలో పెట్టేసినవాళ్ళే ఎక్కువ. డీన్ సాంబశివరావు కూడా చేశాడు. ఆయన గొంతులో మునుపటి ధాటీ లేదు.

"మేడమ్, మా వాడిది కూడా ఎర్రబడింది. పిలిచి అడిగాను. బానే ఉన్నానన్నాడు."

"ఆ మాట అన్నప్పుడు మీ మొహం వంక చూశాడా అండీ?"

అవతల పెన్ను మూత తీసి పెడుతున్న చప్పుడు వినిపించింది. "కొత్త బిళ్ళ పంపించండి మేడమ్" అని పెట్టేశాడు.

తర్వాత కంపెనీవాళ్ళు. సాయంత్రానికల్లా పాత పద్ధతికి మార్చేస్తున్నామనీ, రేపట్నుంచి ల్యాబుకి రానక్కర్లేదనీ చెప్పారు. మంజువాణి ఫోన్ బల్లమీద గిరాటేసింది. "చెవిటివాళ్ళయ్యా అందరూ! పిల్లలు పోతున్నారని చెప్తుంటే రంగు గురించి అడుగుతారు!" అని సాల్మన్ మీద అరిచింది. పాపం అతను తల దించుకున్నాడు.

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి లహరి తీసింది.

"నువ్వు ఊరుకో అమ్మా. నువ్వు లెక్చర్ ఇస్తావు" అని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "ఆంటీ, నేను లహరిని. ఆ... షబీనా ఫ్రెండుని."

నరసరావుపేట నుంచి షబీనా వాళ్ళమ్మ. ఏడుపులో మాట సరిగ్గా రావట్లేదు. అయినా ఆమె అడుగుతున్నదీ అదే, బిళ్ళ పాడైందా అమ్మా అని.

"పాడవలేదు ఆంటీ" అంది లహరి. "షబీనా తలమీది చున్నీ ఎప్పుడూ తియ్యదు కదా, మీరొచ్చినప్పుడు కూడా? లోపల జుట్టు పీక్కుంటుంది. చేత్తో, ఒక్కొక్కటే. నేను చూశాను. నొప్పి పుట్టట్లేదా అంటే, లేదే అంది... నేను ఎవరికీ చెప్పలేదు ఆంటీ. నాకప్పుడు అది తప్పని కూడా అనిపించలేదు."

మంజువాణి, సాల్మన్ లహరి పక్కకి జరిగి ఫోన్‌కి చెవులొగ్గారు. ఇప్పుడే బస్సెక్కుతున్నానంది ఆవిడ. ఏం తేవాలి, ఏం తింటుంది, బిర్యానీ చేసుకుని రానా అని అడిగింది.

"ఏం తేవద్దు ఆంటీ. లేటవుతుంది. మీరొచ్చెయ్యండి చాలు. ఎలా ఉన్నావని అడక్కండి, బానే ఉన్నానంటుంది. ఊరికే పక్కన కూర్చోండి. తిడితే తిట్టనివ్వండి."

ఆ రోజు ఫోన్లన్నీ లహరే ఎత్తింది. కొందరు చిన్నపిల్ల కదా అని కసిరారు. కొందరు విన్నారు. ఎంతమంది బయల్దేరారో తెలియదు. సాయంత్రం కంపెనీవాళ్ళు అన్నంతపనీ చేశారు. తెరమీద ఎర్ర చుక్కలన్నీ ఒక్కసారిగా ఆకుపచ్చగా మారిపోయాయి. ఊరూరా ఎన్ని ఇళ్ళలో హమ్మయ్య అనుకున్నారో తలుచుకుని మంజువాణి తెర ఆపేసింది. కుర్చీలో కూలబడి, "అయిపోయిందయ్యా సాల్మన్, ఇంటికెళ్ళు" అంది.

సరిగ్గా అప్పుడే షబీనా వాళ్ళమ్మ మళ్ళీ చేసింది. లహరి స్పీకర్‌లో పెట్టింది. వెనక నుంచి వాచ్‌మన్ ఎవర్నో గదమాయిస్తున్న మాటలు వినిపిస్తున్నాయి.

"అమ్మా లహరీ, కాలేజీ గేటు కాడ ఉన్నానమ్మా. ఇప్పుడే ఫోన్‌లో మళ్ళా గ్రీన్ అయిపోయింది. ఈ వాచ్‌మనేమో ఇవాళ విజిటింగ్ లేదు పొమ్మంటన్నాడు. బాగయిపోయిందేమో మరి. వెనక్కి వెళ్ళిపోమంటావా?"

లహరి తల్లివైపు చూసింది. నువ్వే చెప్పు అన్నట్టు మంజువాణి ఫోన్‌ని కూతురి దగ్గరికి జరిపింది.

"ఫోన్ ఆపేసి సంచీలో పెట్టెయ్యండి ఆంటీ" అంది లహరి. "దాన్ని చూడకండి. లోపలికెళ్ళండి. వాచ్‌మన్ ఆపితే గట్టిగా అరవండి, మీ అమ్మాయి పేరు పెట్టి అరవండి."

ఆవిడ ఫోన్ సంచీలో పడేసింది గానీ, ఆపడం మర్చిపోయింది. బట్టల మధ్య నలుగుతున్న చప్పుళ్ళు వినిపించాయి. వాచ్‌మన్‌తో పెనుగులాట. షబీనా, షబీనా అని గొంతు చించుకుంటున్న తల్లి. పరుగెత్తుతున్న చెప్పుల చప్పుడు. ఆ తర్వాత మెట్లు ఎక్కుతున్న ఆయాసం. ల్యాబులో ముగ్గురూ ఆ ఫోన్ మీదికి వంగి నిలబడ్డారు.

చివరికి ఓ ఆడపిల్ల గొంతు, సన్నగా మొదలై, ఒక్కసారిగా పెద్దదై వినిపించింది. "ఇప్పుడా వచ్చేది? ఇప్పుడా అమ్మీ నువ్వొచ్చేది?"

లహరి కళ్ళు తుడుచుకుని తల్లి చెయ్యి పట్టుకుంది.

"తిడుతోందమ్మా" అంది.